మా అవ్వ ఎంచిన తోలు కోటు

మా తమ్ముడి కూతురు వర్షిత ఫోను చేసి, "అత్తా, జాకెట్టు ఎంచాల, నువ్వూ రావల్ల" అన్నప్పుడు పెళ్లి చీరేదో కొనుక్కుందని, దాని మీదికి జాకెట్టు గుడ్డ కోసం పిలుస్తోందని అనుకున్నాను. నాకు తెలిసిన జాకెట్టు అదొక్కటే. తీరా చూస్తే ఆ పిల్ల అడుగుతున్నది మోటారు సైకిలు మీద పోయేటప్పుడు వేసుకునే తోలు జాకెట్టు సంగతి. వర్షిత ఇంజనీరు. మైలవరం దిక్కున నల్లరేగడి మీద చెరువు పరిచినట్టు కనిపించే సోలారు పలకల మధ్య ఆమె ఉద్యోగం. కడప నుంచి రోజూ బండి మీదే పోయి వస్తుంది. మే నెలలో ముఖం మాడ్చే గాలి, ధనుర్మాసంలో తెల్లవారేటప్పుడు వేళ్లు కొంకర్లు పోయే చలి, మధ్యలో చెప్పాపెట్టకుండా వచ్చే వాన, అన్నిటికీ పనికొచ్చేది కావాలట. అలాంటివన్నీ ఒకచోట చూసి ఎంచుకునే అంగడి కర్నూల్లో ఉందట. "నీకు తోలు సంగతి తెలుసంట గదా, నాయన చెప్పినాడు" అన్నది. ఆ కథ జరిగేనాటికి మా తమ్ముడు పుట్టనే లేదు. వాడికి ఎవరు చెప్పారో మరి.

కర్నూలుకు ఆమె బండి మీద, నేను బస్సులో పోయాం. జాకెట్టు తొడుక్కుని బండి మీద కూర్చుంటే తప్ప అది సరిపోయిందో లేదో తెలియదట. అంగడి మేడ మీద ఉంది. లోపల చల్లగా ఉంది. తలకాయలు లేని బొమ్మలు వరుసగా జాకెట్లు తొడుక్కుని నిలబడి ఉన్నాయి. అంగట్లో పనిచేసే యువకుడు ఓపికగా చెప్పుకుపోతున్నాడు. వల లాంటి గుడ్డతో కుట్టింది ఎండకట, లోపల అస్తరు తగిలించుకునేది చలికట, వానకు పైన ఇంకో పొరట. వర్షిత అతను చెప్పేది వింటూనే చివరి కొయ్యకున్న ముదురు గోధుమరంగు తోలు జాకెట్టు తీసి, జిప్పు లాగి, నా ముందు తెరిచింది. ఆ వాసన నాకు తగిలింది. నూనె, మైనం, ఎండిన చెక్క, వాటి అడుగున ఎక్కడో ఒక జీవం. నేను అక్కడే ఉన్న ఎత్తుపీట మీద కూర్చుండిపోయాను.

మా సొంతూళ్లో బడి లేదని, చిన్నప్పుడు కొన్నేళ్లు నన్ను వేంపల్లెలో మా అమ్మ పుట్టింట్లో ఉంచారు. ఇంటి ముందు భాగం అంగడి, వెనక భాగం ఇల్లు. తాత పోయాక అంగడిని మా అవ్వే నడిపేది. బెల్లం, ఇంగువ, శెనగనూనె, కొత్త గోనెసంచులు, ఇవన్నీ కలిసిన వాసనతోనే నాకు తెల్లవారేది. అవ్వ అప్పటికే తానం చేసి, మడిచీర కట్టుకుని, నడిమింట్లో దేవుని గూటి ముందు దీపం పెట్టి ఉండేది. ఆ ఇంట్లో కొన్ని కట్టుబాట్లు గోడల మాదిరి నిలబడి ఉండేవి. అన్నిటికంటే గట్టిది తోలు గురించి. చెప్పులు అరుగు కిందే వదలాలి. నడుము బెల్టు, డబ్బుల సంచి, తోలుది ఏదైనా సరే, అంగడి బయటి గోడకున్న మేకుకే తగిలించాలి. శనివారం భజనకు వచ్చే మృదంగం ఆయన కూడా అరుగు మీదే కూర్చుని వాయించేవాడు, తాళాల వాళ్లు మాత్రం లోపల కూర్చునేవారు. ఆయనకది తప్పుగా తోచేది కాదు, మాకూ తోచేది కాదు.

నారాయణ మామ అవ్వకు ఒక్కగానొక్క కొడుకు. తక్కెడ ముందు కూర్చుంటే ఆయనకు ఆవలింతలు వచ్చేవి. పెళ్లి వద్దు, అంగడి వద్దు, ఒక మోటారు సైకిలు చాలునన్నాడు. ఆ రోజుల్లో పులివెందుల టాకీసుకూ వేంపల్లె టాకీసుకూ కలిపి సినిమా ప్రింటు ఒకటే వచ్చేది. అక్కడ ఆట ముందు మొదలయ్యేది. ఆడేసిన మొదటి సగం రీళ్లను రేకు పెట్టెల్లో పెట్టి, బండికి కట్టుకుని, మామ వేంపల్లెకు తెచ్చేవాడు. ఇక్కడ అవి ఆడుతుండగా వెనక్కి పోయి మిగిలిన సగం తెచ్చేవాడు. మామ రాకపోతే ఆట లేదు. మధ్యాహ్నం మిద్దె ఎక్కి చూస్తే రోడ్డు మీద దూరంగా దుమ్ము లేచేది, ఆ వెనక చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు వినపడగానే టాకీసు ముందు టీ తాగుతున్న జనం గ్లాసులు కింద పెట్టి లోపలికి పరిగెత్తేవాళ్లు. ఒక్క మనిషి వస్తే చీకట్లో ఇన్ని వందల మంది నవ్వడం, ఏడవడం మొదలుపెడతారంటే నాకు ఒళ్లు జలదరించేది. దేవుడి కంటే నాకు ఆయనే దగ్గరి దేవుడు.

ఆ రోడ్డు మాత్రం ఎవరినీ దేవుడిగా చూసేది కాదు. ఎండాకాలం వడగాలికి మామ పెదవులు పగిలి నెత్తురు కారేది. అవ్వ తడిపిన తుండు రొమ్ముకు చుట్టి, వడదెబ్బ తగలకుండా జేబులో ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, పెట్టి పంపేది. ఆయన రోడ్డెక్కేలోపే తుండు ఆరిపోయి అట్టలా అయ్యేది. చలికాలం చొక్కా లోపల పాత పేపర్లు పరుచుకునేవాడు, నడిస్తే గలగలమనేవాడు. వానకు యూరియా సంచికి తలకూ చేతులకూ కంతలు కోసి తొడుక్కునేవాడు. ఆ అవతారం చూసి మేం నవ్వేవాళ్లం. అవ్వ నవ్వేది కాదు. ఆయన పోయిన తర్వాత వాకిట్లో నిలబడి ఆకాశం కేసి చూసి, అప్పుడు లోపలికి వచ్చేది.

ఒక ఎండాకాలం రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. వాటిని తప్పించబోయి మామ కంకర మీద జారిపడ్డాడు. టాకీసులో మిషను నడిపే దస్తగిరి జీపులో ఇంటికి తెచ్చాడు. పెట్టెలకు ఏమీ కాలేదు. మామకు మాత్రం భుజం దగ్గర నుంచి మోచేతి దాకా చర్మం లేచిపోయింది. అవ్వ ఆయన్ను అరుగు మీదే పడుకోబెట్టి, కాచి చల్లార్చిన నీళ్లతో కడుగుతూ, మెత్తని గుడ్డ కొసతో ఒక్కొక్క రాయినే తీసింది. పక్కన నిలబడిన దస్తగిరి ఉండబట్టలేక అన్నాడు.

"తోలు కోటు ఉండింటే ఇంత లేకపోవునమ్మా. మన తోలు పోకుండా ఇంకో తోలు అడ్డం ఉండల్ల. కర్నూల్లో మా చుట్టం ఒకాయన కుడతాడు. మీవాడికి ఎన్నోసార్లు చెప్పినా."

మామ నొప్పిలోనూ కళ్లతో అతన్ని వారించాడు. అవ్వ విననట్టే ఇంకో రాయి తీసింది. ఆ మాట మళ్లీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పుండు మానుతున్న ఆ రోజుల్లో అవ్వ మాత్రం పూజ దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు కూర్చునేది. దేవుణ్ణి ఏం అడుగుతున్నదో, ఏం ఒప్పిస్తున్నదో నాకు తెలియదు. ఒకరోజు పొద్దున ఆమె అంగట్లో శెనక్కాయలు చెరుగుతూ, అరుగు మీదున్న కొడుకును తలెత్తకుండానే అడిగింది.

"అబ్బీ, ఆ తోలు కోటు కర్నూల్లో యాడంట?"

మామ ఉలిక్కిపడ్డాడు. "పాతూర్లో అంట. నాకొద్దులే మా. నువ్వు ఇంట్లోకి రానీవు గదా."

"ఇంట్లోకి రానీయల్నా వద్దా అనేది నేను సూసుకుంటా. ఎప్పుడు పోదాం?"

"నువ్వా? తోలంగడికి నువ్వొస్తావా?"

"చెడిపోయిన బెల్లం ఎంచి తెస్తివి మొన్న. తాలు కాయలు తెస్తివి అంతకు ముందు. నీకు తోలు ఎంచేది యాడ చేతనైతాది? నేనే వస్తా."

అలా మేం ముగ్గురం కర్నూలు బస్సెక్కాం. అవ్వ బయటి నీళ్లు తాగదు కాబట్టి చెంబు నిండా నీళ్లు, పెరుగన్నం మూట తెచ్చుకుంది. హంద్రి ఒడ్డున పాతూరి సందుల్లో దస్తగిరి చెప్పిన అంగడి వెతికి పట్టుకునేసరికి పొద్దు నెత్తికెక్కింది. అంగడిని నడిపేది మహబూబ్ సాబు. తెల్లగడ్డం, మోకాళ్ల మీద మందపాటి గుడ్డ. వెనక గోడ నిండా తోళ్లు వేలాడుతున్నాయి. వాసన వీధిలోకే వచ్చేసింది. అవ్వ మెట్టు దగ్గరే ఆగిపోయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇక వెనక్కే పోతామనుకున్నాను. సాబు ఆమెను ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా, లోపల నుంచి ఒక పీట తెచ్చి వీధిలో నీడన వేశాడు.

"ఈడనే కూచో అమ్మా. ఉత్త కట్టెపీట. మేకు తప్ప ఇంకేం లేదు దీంట్లో."

తర్వాత తోలు ముక్కలు తెచ్చి, ఆమె ముట్టుకోవాల్సిన అవసరం లేకుండా, ఎదురుగా గోనెపట్ట మీద పరిచాడు. అవ్వ చాలాసేపు వాటికేసి చూస్తూ కూర్చుంది. మామ కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నాడు. అప్పుడు ఆమె కొంగు వదిలి, చెయ్యి చాపి, ఒక ముక్కను అందుకుంది. మృదంగాన్ని గడప దాటనివ్వని చెయ్యి అది. ఆ చెయ్యి తోలును మడిచింది, విప్పింది, గోటితో గీసింది, ఎండకేసి ఎత్తిపట్టి చూసింది. చివరికి ముక్కు దగ్గరికి తీసుకుని కొత్త బియ్యాన్ని వాసన చూసినట్టు చూసింది.

"ఇది దేనిదప్పా?"

"ఎనుముదమ్మా, బర్రెతోలు. మందం. ఎంత చలిగాలి కొట్టినా లోపలికి రాదు, పడితే చినగదు. బరువు శానా."

"మా దిక్కు ఎండకు దీంట్లో పెడితే మనిషి ఉడికిపోతాడు. ఈ మెత్తంది?"

"గొర్రెది. తొడుక్కుంటే సుఖం. రాయికి గీసుకుంటే నిలబడదు."

"నిలబడనిది నాకేటికి. ఇది?"

"మేకది. తేలిక, గట్టితనం ఉండాది. ఎండకైతే ఇదే మేలు. చలికి చాలదు."

"వానకు?"

సాబు గడ్డం నిమురుకున్నాడు. "వానకు ఏ తోలూ చుట్టం గాదమ్మా. మైనం, నూనె పట్టిస్తా ఉండల్ల. తడిస్తే నీడలో ఆరబెట్టల్ల. ఎండలో వద్దు, పొయ్యి కాడ వద్దు. మన ఒళ్లు మాదిరే సూసుకోవల్ల."

అవ్వ ఎనుము తోలును ఒక చేతిలో, మేకతోలును ఇంకో చేతిలో పట్టుకుని తూచినట్టు కాసేపు ఉంది. తర్వాత నిదానంగా చెప్పింది. ఒళ్లంతా మేకతోలు. భుజాలకూ మోచేతులకూ మీద ఎనుముతోలు అతుకు. చంకల కింద గాలి ఆడేందుకు సందు. లోపలంతా గుండీలు పెట్టివ్వాలి, చలికాలానికి గొర్రెబొచ్చు కంబడి అస్తరు తానే కుట్టి తగిలిస్తుంది, శివరాత్రి పోగానే ఊడదీస్తుంది. మెడపట్టీ ఎత్తుగా ఉండాలి, గాలి ముందు గొంతునే పట్టుకుంటుంది. సాబు వింటూ వింటూ చేతిలోని కత్తెర పక్కన పెట్టేశాడు.

"అమ్మా, మీరు వచ్చి ఈడ కూచోండి. నేను మీ ఊరికి పోయి శెనక్కాయలు అమ్ముకుంటా."

అవ్వ నవ్వింది. మామ పడిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

తిరుగు బస్సులో మామకు అడిగే ధైర్యం లేకపోయింది. నేనే అడిగాను, తోలును ఎట్లా ముట్టుకున్నావని. అవ్వ కిటికీలోంచి బయట చేల మీదికి చూస్తూ చెప్పింది. "మా నాయన చేన్లో కపిల తోలేవాడు పాపా. బాయిలోంచి నీళ్లు తోడే బాన తోలుదే. ఆ నీళ్లే మడికి పారె, ఆ నీళ్లే దోసిట్లో పట్టుకుని తాగితిమి. అప్పుడు లేని అంటు ఇప్పుడు యాడ నుంచి వచ్చెనో." అంత మాట అన్న మనిషి, ఇల్లు చేరగానే పెరట్లో బావి దగ్గర తలంటుకుని, చీర మార్చుకునే లోపలికి అడుగు పెట్టింది. ఆ రెండూ ఆమెలో ఎలా ఇమిడాయో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

కోటు వచ్చింది. మామ తొడుక్కుని వీధిలో నిలబడితే అరుగుల మీది వాళ్లంతా లేచి చూశారు. దాని చోటు మాత్రం అంగడి బయటి గోడకున్న మేకే. వారానికొకసారి అవ్వ అరుగు మీద కూర్చుని పాతగుడ్డతో దానికి నూనె, మైనం పట్టించేది, మడతల్లోకి వేలు పోనిచ్చి రుద్దేది, ఆ తర్వాత తానం చేసేది. ఆ ఎండాకాలం మామ పెదవులు పగిలాయి గానీ రొమ్ము మాడలేదు. చలికాలం పేపర్ల గలగల వినపడలేదు.

వాన పరీక్ష మరుసటి ఏడు తుపానప్పుడు వచ్చింది. పొద్దున మొదలైన వాన మధ్యాహ్నానికి కూడా తగ్గలేదు. మొదటి సగం రీళ్లు తెచ్చిచ్చి, మామ రెండో సగం కోసం వెళ్లాడు. విరామం అయిపోయింది. మామూలుగా అయితే అప్పటికి చప్పుడు వినపడాలి. వంక రోడ్డు మీద పారుతోందని ఎవరో చెప్పుకుంటూ పోయారు. అవ్వ అంగడి తలుపులు మూసి, గొడుగు తీసుకుని, నా చెయ్యి పట్టుకుని టాకీసుకు నడిచింది. ఆమె జన్మలో ఆ గేటు దాటలేదు. లోపల జనం అలాగే కూర్చుని ఉన్నారు. ఒక్కరూ ఇంటికి పోలేదు. పసిబిడ్డల తల్లులు, పక్కనున్న కండ్రిక పల్లె నుంచి నడిచొచ్చిన ముసలివాళ్లు, అందరూ ఆ చీకట్లో గొణుక్కుంటూ ఎదురుచూస్తున్నారు. దస్తగిరి గేటు దగ్గర తడుస్తూ నిలబడి, అవ్వను చూసి తల దించుకున్నాడు. మేం ముగ్గురం రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాం.

వానలో ముందు చప్పుడు తెలియలేదు, వెలుగే కనిపించింది. మామ వచ్చాడు. ఒంటి మీద తడిసిన చొక్కా తప్ప ఏమీ లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. కోటు బండి వెనక రీళ్ల పెట్టెల చుట్టూ కప్పి, గుండీలు పెట్టి, తాడుతో బిగించి ఉంది. వంక దగ్గర ఊరివాళ్లు బండిని పట్టి దాటించారట, పెట్టెలను తాను నెత్తిన పెట్టుకున్నాడట. దస్తగిరి తాడు విప్పి పెట్టె మూత ఎత్తి చూశాడు. లోపల చుక్క నీరు లేదు. అతను పెట్టెలను పట్టుకుని పైకి పరిగెత్తాడు.

కోటు నేలమీద, బురదలో పడి ఉంది. అవ్వ వంగి రెండు చేతులతో దాన్ని ఎత్తుకుంది.

"నీకని ఎంచితి గదా అబ్బీ. పెట్టెకు గాదు."

"నేను తడిస్తే ఆరుతా మా. అవి తడిస్తే ఆరవు."

అవ్వ ఇంకేదో అనబోయింది. అంతలో లోపల వెలుగు పడింది, మిషను శబ్దం మొదలైంది, అంతమంది గొంతులు ఒక్కసారిగా లేచాయి. తెరిచిన తలుపులోంచి ఆ వెలుగు జనం ముఖాల మీద పడి కదులుతోంది. అవ్వ తెరకేసి చూడలేదు, ఆ ముఖాలకేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చెమ్మగిల్లిన కళ్లతో కొడుకును చూసి, "పా, ఇంటికి పోదాం" అన్నది.

మాది మట్టిమిద్దె. వానకు ఇల్లంతా కారుతోంది, ఎక్కడ చూసినా చెంబులు, గిన్నెలు పెట్టి ఉన్నాయి. అవ్వ వంటింట్లోకి పోయింది, అక్కడ పొయ్యి ఉంది. వసారాలోకి పోయింది, అక్కడ చూరు కారుతోంది. కోటు ఆమె చేతుల్లోంచి బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. చివరికి నడిమింట్లోకి వచ్చి ఆగింది. ఇల్లు మొత్తం మీద కారని చోటు అదొక్కటే. దేవుని గూటి పక్కన ఒక కట్టెకొయ్య ఉండేది, ఆమె మడిచీర తప్ప ఇంకేదీ దాన్ని తాకేది కాదు. అవ్వ మడిచీర తీసి దండెం మీద వేసింది. ఆ కొయ్యకు తోలు కోటు తగిలించింది, చేతులు రెండూ మడత పడకుండా సర్దింది. మామ గడప అవతలే ఆగిపోయాడు. ఆయన కాలు లోపలికి పడలేదు.

"ఏం సూస్తాండావు? నీడలో ఆరబెట్టమన్యాడు గదా సాబు. ఇంట్లో నీడ ఈడ తప్ప యాడుండాది" అన్నది అవ్వ. పొద్దుగూకగానే ఎప్పటిలాగే ఆ గూట్లో దీపం పెట్టింది. దీపం వెలుగు తడితోలు మీద మెరిసింది. నేను గోడకు ఆనుకుని, ఏదో జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. అవ్వ దండం పెట్టుకుని లేచి, మామకు మిరియాల చారు కాయడానికి పోయింది.

వాన వెలిశాక అవ్వ నడిల్లు కడిగించింది, కోటు మళ్లీ బయటి మేకుకు పోయింది. మృదంగం ఆయన కూడా అరుగు మీదే మిగిలిపోయాడు. లోకం మారిపోయిందని చెప్పను. ఏళ్లు గడిచాక ఊరికొక సినిమా ప్రింటు రావడం మొదలైంది, మామ పని పోయింది. కడపలో బండ్ల సామాన్ల అంగడి పెట్టుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, బాగానే బతికాడు. కోటు మడతల దగ్గర పగిలి, ఎవరికిచ్చారో, ఎక్కడ పారేశారో, ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. అవ్వ లేదు, మామ లేడు.

"అత్తా, నీళ్లు తాగుతావా?" అని వర్షిత భుజం తట్టింది. ఆమె చేతిలో రెండు తోలు జాకెట్లున్నాయి, ఒకటి గొర్రెది, ఒకటి మేకది. గొర్రెది మెత్తగా ఉందని ఆమె మనసు దాని మీద ఉంది. నేను రెంటినీ మడిచి, గోటితో గీసి, వాసన చూసి, "మేకది తీసుకో" అన్నాను. అంగడి యువకుడు మూడు కాలాలకూ ఒకటే అంటే కష్టమని ఇంకా చెబుతున్నాడు. వర్షిత ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే చలికీ వానకూ అస్తరు, పైపొర తగిలించి మేకతోలుది, ఎండకు వల గుడ్డది, రెండూ తీసుకుంటా" అన్నది. అంతే, అయిపోయింది. వాళ్లమ్మకు ఫోను చేస్తే, "రంగేంది? మాసినా కనపడనిది తీసుకో" అన్నది ఆమె. తోలుదని ఆమె ఒక్క మాటా అనలేదు. మూడు కాలాలను ఒక్క కోటులో ఇమడ్చడానికి మా అవ్వ తన బతుకునంతా ఒక పక్కకు జరపాల్సి వచ్చింది. ఈ పిల్ల ఒకటికి రెండు కొనుక్కుని, సంచిలో పెట్టుకుని, మెట్లు దిగుతోంది. ఇందులో ఏది గొప్పదో తేల్చడం నాకు చేతకాలేదు. రెండూ కళ్లారా చూశాను, అది చాలు.

నేను కడప బస్సెక్కాను. ఆళ్లగడ్డ దాటాక, రెండు పక్కలా కోసేసిన శనగచేల మధ్య రోడ్డు తిన్నగా సాగేచోట, వెనక నుంచి మోటారు సైకిలు చప్పుడు వచ్చింది. కిటికీ పక్కగా వర్షిత దూసుకుపోయింది, కొత్త తోలు ఎండకు నిగనిగలాడుతూ. ముందు సీట్లోని ముసలాయన మెడ సాచి, "ఎవరి బిడ్డోగాని, బో పోతాండాదే" అన్నాడు. నేను చెయ్యి బయటికి పెట్టి ఊపాను. ఆమె చూడలేదు. ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.